రెండో పక్షి ఎవరు?

డిసెంబర్, జనవరి ఆదివారాల్లో తెల్లవారకముందే హైదరాబాద్‌లోని గచ్చిబౌలి, కొండాపూర్ అపార్ట్‌మెంట్ల నుంచి కొన్ని కార్లు అమీన్‌పూర్ చెరువు దారి పడతాయి. దిగేవాళ్లలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు చాలామందే. మెడలో బైనాక్యులర్, చేతిలో ఫోన్.

చలికాలంలో ఉత్తరాన ఉన్న చలి ప్రాంతాల నుంచి వలస వచ్చే గరిటెముక్కు బాతులను కాసేపు నిలబడి చూడాలి. వెడల్పాటి ముక్కును నీటి పైపొరకు ఆనించి, తల అటూ ఇటూ తిప్పుతూ సాగిపోతుంటాయి. ముక్కు అంచుల్లో దువ్వెన పళ్లలాంటి అమరిక ఉంటుంది. నీళ్లు బయటికి పోతాయి, గింజలూ సన్నటి పురుగులూ లోపల చిక్కుతాయి. ఒక్కోసారి గుంపంతా గుండ్రంగా తిరుగుతుంది. ముందున్న బాతు కాళ్లాడిస్తే పైకి తేలిన మేత వెనకదాని నోటికందుతుంది.

చూసేవాళ్లు పక్షిని ఏమీ అడగరు. పేరూ లెక్కా రాసుకుని వెళ్లిపోతారు. ఇది ధ్యానంలాంటిదని వాళ్లలో కొందరనే మాట అబద్ధమేమీ కాదు. కానీ ఆ మాట వెనక పాత ప్రశ్న ఒకటుంది. ఊరికే చూస్తూ ఉండిపోవడం మనిషికి సాధ్యమా? సాధ్యమైతే మాత్రం, అది ధర్మమా?

ముండకోపనిషత్తులో ఒకే చెట్టు మీద రెండు పక్షులు. ఒకటి పండు తింటుంది, రెండోది తినకుండా చూస్తుంది. తినేది జీవుడు, చూసేది ఈశ్వరుడు అంటారు శంకరులు. తర్వాతి మంత్రం ప్రకారం జీవుడి శోకం మోహం వల్ల పుట్టినది, రెండో పక్షి మహిమను చూసిన రోజున అది తొలగిపోతుంది.

బాలకాండలో వాల్మీకి కూడా పక్షులనే చూస్తున్నాడు. తమసా నదీ తీరంలో జంటగా తిరిగే క్రౌంచాలు. వేటగాడు మగపక్షిని కొట్టాడు, ఆడపక్షి విలపించింది. మహర్షి అంతటివాడు సాక్షిగా ఉండలేకపోయాడు. దుఃఖం పొంగి శాపం పలికాడు, ఆ శాపమే ఛందోబద్ధమై రామకథకు దారి తీసింది. ఉపనిషత్తుకు దాటవలసినదైన శోకం, ఇక్కడ ఆదికావ్యానికి మొదలైంది. రెండూ మనకు పూజ్యమైన గ్రంథాలే కాబట్టి ఈ చిక్కును తేలిగ్గా తీసుకోవడానికి లేదు.

సైబరాబాద్ చెరువుల దగ్గర మాత్రం వాల్మీకి పక్షమే నిలబడుతుంది. ఎందుకంటే ఇక్కడ చూసేవాడు తింటున్నాడు కూడా. సంగారెడ్డి దగ్గరి మంజీరా 1978 నుంచి వన్యప్రాణి అభయారణ్యం. హిమాలయాలు దాటి వచ్చే, తల మీద రెండు నల్ల గీతలుండే బాతులు అక్కడ చలికాలం గడుపుతాయి. నగరం తాగే నీళ్లలో కొంత ఆ మంజీరావే. చెట్టు ఒకటే, పండూ ఒకటే.

ఒకప్పుడు గోల్కొండ కోటకు నీళ్లిచ్చిన దుర్గం చెరువు సంగతి ఇంకా స్పష్టం. 2020లో దాని మీద తీగల వంతెన వచ్చింది, చుట్టూ దీపాలు వెలిగాయి. అంతకుముందు అదే చెరువును చుట్టుపక్కల మురుగుతో బలిసిన గుర్రపుడెక్క కమ్మేసింది. ఆ మురుగు పరాయివాళ్లది కాదు, చుట్టూ కట్టుకున్న ఇళ్లదీ ఆఫీసులదీ.

అయితే శాపం ఎవరి మీద పడాలి? వల వేసే ముదిరాజులూ గంగపుత్రులూ కెమెరాకు అడ్డొచ్చారని విసుక్కోవడం అన్యాయం. తరాలుగా చెరువు నిండితేనే వాళ్ల కడుపు నిండింది, నీళ్లు పాడైతే ముందు నష్టపోయేదీ వాళ్లే. నేటి వేటగాడి చేతిలో బాణం ఉండదు. చెరువు లోపలి శిఖం భూమిని ప్లాట్లు చేసినవాడూ, ధర తక్కువని అక్కడ కొన్నవాడూ అతడే. శుద్ధి చేయని మురుగును వాగులోకి వదిలినవాడూ అతడే.

అమీన్‌పూర్ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశమన్న హోదా దక్కింది. అయినా ఆక్రమణలు ఆగలేదు, 2024లో ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా బుల్‌డోజర్లు అక్కడికి రావలసి వచ్చింది. ఆ హోదాకు దారి తీసింది అక్కడి పక్షులూ మిగతా జీవరాశీ అయితే, వాటిని ఏళ్ల తరబడి చూసి రాసుకున్న కళ్లకూ అందులో భాగముంది.

ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది. దాని పత్రంలో పక్షుల సంఖ్యతో పాటు ఆ చెరువుకున్న ముప్పులు రాయడానికీ చోటుంటుంది. మురుగు ఏ వైపు నుంచి పడుతోందో, మట్టి ఎక్కడ పోశారో, వచ్చే ఏడాది వెళ్లేవాళ్లు పోల్చి చూసుకునేలా అక్కడ రాయాలి.