ఉప్పెన, ప్రారబ్ధం, పురుషకారం

దివిసీమను 1977 నవంబరు 19న ముంచెత్తిన ఉప్పెన, అనగా తుఫాను గాలుల తోపుకు సముద్రజలం ఉవ్వెత్తున లేచి తీరభూమిపై పడటం, అధికారిక లెక్క ప్రకారమే సుమారు 10,000 మందిని బలిగొనగా, ఆ మరణాలను ప్రారబ్ధంగా, అంటే పూర్వకర్మలలో ఈ జన్మలో అనుభవించక తప్పని భాగంగా, సరిపెట్టుకున్నవారు లేకపోలేదు. శోకతప్తులు ఆ మాటతో ఊరట పొందితే ఆక్షేపించవలసింది లేదు గాని, దానిని సిద్ధాంతంగా నిలపడానికి ప్రాచీన గ్రంథాలు అంత సులభంగా అంగీకరించవు. మహాభారతం ఆనుశాసనిక పర్వంలో దైవం గొప్పదా, పురుషకారం, అనగా మానవప్రయత్నం, గొప్పదా అని ధర్మరాజు అడిగినప్పుడు, భీష్ముడు బ్రహ్మవసిష్ఠ సంవాదాన్ని వినిపిస్తూ దైవాన్ని విత్తనంతోను, పురుషకారాన్ని పొలంతోను పోల్చి, ప్రయత్నం లేనిదే దైవం సిద్ధించదంటాడు.

ఒడిశాలో 1999 అక్టోబరు నాటి మహాతుఫానుకు సుమారు 10,000 మంది మరణించగా, 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాలపురం వద్ద తీరం దాటేలోపే లక్షలాది జనాన్ని ఆశ్రయాలకు తరలించినందువల్ల మృతుల సంఖ్య పదుల్లోనే నిలిచింది. ఆ పద్నాలుగేళ్లలో తీరవాసుల పూర్వకర్మ మారిందని ఏ కర్మవాదీ చెప్పలేడు. వాయుగుండం పుట్టుక మనిషి చేతిలో లేదు గనుక దానిని దైవమనవచ్చును గాని, హెచ్చరిక చేరని గుడిసెలోని మరణాన్ని కర్మఖాతాలో వేయడం శాస్త్రసమ్మతం కాదు.