సంధిశుద్ధియే కాయకశుద్ధి

పన్నెండవ శతాబ్దమున కల్యాణపట్టణమందు బసవేశ్వరుడు బోధించిన ధర్మములో కాయకమునకు ప్రథమస్థానము కలదు. నులియ చందయ్య త్రాళ్లు పేనెను. అంబిగర చౌడయ్య పడవ నడిపెను. మడివాళ మాచయ్య శరణుల వస్త్రములు ఉతికెను. మురికిని పోగొట్టుటయే మాచయ్యకు శివపూజ. ఆ దృష్టితో చూచినచో నేడు మడకశిరలో పాత కార్లను బాగుచేయు మెకానిక్కు చేతిలోని తీగల బ్రష్షు సైతము పూజాద్రవ్యమే యగును.

అంబాసిడర్ కార్ల తయారీ 2014లో నిలిచిపోయినది. అయినను ఆ బండ్లు కొన్ని ఇంకను నడుచుచున్నవి. అట్టి బండి యొకటి తెల్లవారుజామున రోగిని హిందూపురము ఆసుపత్రికి చేర్పవలసి యున్నదనుకొందము. తాళము త్రిప్పగా దీపములు చక్కగా వెలుగును గాని ఇంజను కదలదు. యజమాని బ్యాటరీ చచ్చినదని తలచును. మూత యెత్తి చూచినచో బ్యాటరీ కొనలపై తెల్లని, నీలియాకుపచ్చని పొక్కు పేరుకొని యుండును. గంధకామ్లపు ఆవిరి సీసమును, రాగిని తినివేయగా ఏర్పడిన చిలుమది.

దీపములు వెలిగి ఇంజను కదలకుండుటకు కారణము కలదు. చిలుము వలన ఆ సంధిలో ఓములో నూరవ వంతు నిరోధము ఏర్పడినదనుకొందము. దీపములు 10 ఆంపియర్లు మాత్రమే తీసికొనును గనుక నష్టము 0.1 వోల్టు, అది కంటికి తెలియదు. స్టార్టరు 150 ఆంపియర్లు కోరునప్పుడు అదే సంధిలో 1.5 వోల్టులు హరించిపోవును. 12 వోల్టుల బ్యాటరీకి అది చిన్న నష్టము కాదు. మానవుని భక్తియు ఇట్టిదే. సుఖదినములలో లోపము కానరాదు. అతిథి ఆకలితో వచ్చిన వేళ, సోదరునితో పొలము పంచుకొను వేళ, లోపలి చిలుము బయటపడును. శివుని కరుణ తగ్గలేదు, జీవుని శక్తి తరుగలేదు. రెంటి నడుమ సంధి మాత్రమే మలినమైనది.

శుద్ధిచేయుటకు క్రమము కలదు. చుట్టను, బీడీని దూరముగా నుంచవలెను. ఏలయన బ్యాటరీనుండి వెలువడు హైడ్రోజను వాయువు నిప్పురవ్వకే ప్రేలును. చేతులకు తొడుగులు, కన్నులకు అద్దములు ధరింపవలెను. బండి శరీరమునకు కలిపిన ఎర్తు తీగను మొదట విప్పవలెను, బిగించునప్పుడు దానిని కడపట బిగింపవలెను. నీటిలో వంటసోడా కలిపి పోసినచో ఆమ్లము పొంగి చల్లారును. ఆ నీరు బ్యాటరీ గదులలోనికి పోరాదు. పిమ్మట బ్రష్షుతో లోహము మెరయువరకు రుద్ది, కడిగి, తుడిచి, ఆరబెట్టి బిగింపవలెను. వాజిలీను పూయుట ఆ తరువాతనే. చిలుముపై పూసినచో అది లోపలి దోషమును కప్పునే గాని పోగొట్టదు. అంతరంగము కడుగక నుదుట విభూతి ధరించువాడును ఇట్లే మోసపోవును. కడిగిన నీటిలో సీసపు విషముండును గనుక దానిని పశువుల తొట్టి దాపున గాని, బావి దాపున గాని పారబోయరాదు. పొరుగువానికి కీడు చేసిన కాయకము దాసోహమునకు పనికిరాదు.

ఇచ్చట అసలు పరీక్ష మెకానిక్కుదే. యజమానికి లోగుట్టు తెలియదు. క్రొత్త బ్యాటరీ అమ్మినచో లాభము వేలలో నుండును, చిలుము గీకినచో కూలి స్వల్పము. అవసరమునకు మించి బియ్యము తెచ్చిన భర్తను, మిగులును తిరిగి యిచ్చి రమ్మన్న ఆయ్దక్కి లక్కమ్మ గాథ అట్టి వేళ స్మరింపదగినది. నిజము చెప్పి, తీగ గీకి, న్యాయమైన కూలి గైకొన్నవాడే సత్యశుద్ధ కాయకజీవి. బ్యాటరీ నిజముగా చెడినచో ఆ మాటయు దాచరాదు. యజమానికిని ధర్మము కలదు. "గీకినదే కదా" యని కూలి తగ్గించుట తగదు. వేల రూపాయలు మిగిల్చిన నిజాయితీకి ఆ కూలి చాలా తక్కువ వెల.

చిలుము ఒక్కనాడు పుట్టదు, ఒక్కమారు గీకినంతనే శాశ్వతముగా పోదు. నెలల తరబడి చూడని సంధి మరల మాసిపోవును. ఇష్టలింగమునకు ప్రతిదినము మజ్జనము విధింపబడినది ఇందులకే. చేతిలోని లింగము కడుగబడువేళ దానిని పట్టిన చేయి, ఆ చేతిని నడుపు మనస్సు కూడ కడుగబడవలెను.