అభయానికి గడువు ఎవరు పెట్టాలి?

గృహహింస చట్టంలో 25వ సెక్షను చదవడానికి నిమిషం పట్టదు. మేజిస్ట్రేటు ఇచ్చిన రక్షణ ఉత్తర్వు, దాన్ని పొందిన మనిషి తనంతట తాను వచ్చి ‘ఇక ఎత్తేయండి’ అని అర్జీ పెట్టుకునేదాకా అమల్లో ఉంటుందని అందులో ఉంది. ఆర్నెల్లని లేదు, మూడేళ్ళని లేదు. గోదావరి జిల్లాలో ఒక మేజిస్ట్రేటు కోర్టులో బెంచి క్లర్కుగా చేసి రిటైరైనదాన్ని. ఆ ఉత్తర్వుల నకళ్ళు తీయించి, సీలు వేసి, ఆమెకొకటి, స్టేషనుకొకటి అందేలా చూడడం నా పని. ఆ నకళ్ళకు పైసా తీసుకోకూడదని కూడా చట్టమే చెబుతుంది. కాగితం చేతిలో పడగానే దాదాపు అందరూ అడిగేది ఒకటే: “ఇది ఎన్నాళ్ళు పనిచేస్తుంది మేడమ్?” నువ్వు చాలనేదాకా అమ్మా అంటే నమ్మేవాళ్ళు కాదు. ఆదాయం సర్టిఫికెట్టుకు కూడా గడువుండే చోట, గడువు లేని కాగితం అంటే అనుమానమే మరి.

మా నాన్న ఊరి రామాలయంలో ఏటా కార్తీకంలో భారతం చదివేవారు. ఆ పెంపకం వల్లనేమో, కోర్టులో విన్న ప్రశ్నలు ఇంటికొచ్చాక నాకు వేరే రూపంలో ఎదురయ్యేవి. ఒకడు చేసిన తప్పు ఎన్నాళ్ళు తప్పుగా నిలవాలి? మనిషి మారతాడని నమ్మడం ధర్మమా, మారడేమోనని జాగ్రత్తపడడం ధర్మమా? క్షమ అంత గొప్పదైతే, గడువు లేని ఉత్తర్వు క్షమకు అడ్డుగోడ కట్టినట్టు కాదా?

ఈ చివరి ప్రశ్నను ప్రతివాదుల తరఫున వాదించే వకీలుగారొకరు బాగా పదునుపెట్టి అడిగేవారు. హత్య చేసి జీవితఖైదు పడ్డవాడికి కూడా పద్నాలుగేళ్ళు నిండాక విడుదల అడుక్కునే దారి ఉంది, పెళ్ళాం మీద చెయ్యి చేసుకున్నవాడికి మాత్రం అంతే లేదా అని. వెనక బెంచీల్లో కూర్చున్నవాళ్ళు నవ్వేవారు కూడా. మాట వినడానికి బాగానే ఉంది. కానీ 18వ సెక్షను ఆ భర్తను ఏమేం మానుకోమంటుందో చూడండి. కొట్టొద్దు. కొట్టించొద్దు. ఆమె పనిచేసే చోటికీ, పిల్ల చదివే బడికీ వెళ్ళొద్దు. ఫోన్లు చేయొద్దు, ఉత్తరాలు రాయొద్దు. ఆమె స్త్రీధనం కోర్టుకు చెప్పకుండా అమ్మొద్దు. ఆమెకు అండగా నిలిచిన పుట్టింటివాళ్ళ జోలికి పోవద్దు. మొదటి రెండూ ఏ భర్తకూ ఏనాడూ లేని హక్కులు. లేని హక్కును జన్మలో వాడుకోవద్దంటే అది శిక్ష ఎలా అవుతుంది? శిక్ష ఉత్తర్వు మీరినప్పుడు పడుతుంది. 31వ సెక్షను కింద ఏడాది దాకా జైలు, లేదా 20 వేల దాకా జరిమానా, లేదా రెండూ. దానికి లెక్క ఉంది, అంతూ ఉంది.

అలాగని వకీలుగారి మాటలో పస లేదనను. సొంత ఇంటి గడప తొక్కొద్దనడం, భార్యతో మాటే వద్దనడం చిన్న ఆంక్షలు కావు. అందుకే అదే 25వ సెక్షను రెండో భాగంలో, పరిస్థితులు మారాయని చూపించి ఉత్తర్వును సవరించమనో, రద్దు చేయమనో ఇద్దరిలో ఎవరైనా అడగొచ్చని పెట్టారు. మేజిస్ట్రేటు కారణాలు రాసి మరీ నిర్ణయం చెప్పాలి. 2024 సెప్టెంబరులో ఒక భరణం తగాదాలో సుప్రీంకోర్టు ఇంకో మెలిక విప్పింది: ఆ మార్పు ఉత్తర్వు వచ్చిన తర్వాత జరిగినదై ఉండాలి. అంటే పాత గొడవను మళ్ళీ మొదటినుంచీ తవ్వి, అప్పుడే తప్పు లేదని వాదించడానికి ఆ సెక్షను ఉపయోగపడదు. మారానని చెప్పుకుంటే చాలదు, ఏం మారిందో చూపాలి. మన ప్రాయశ్చిత్తాల పద్ధతీ ఇదే కదా. తప్పు ఒప్పుకోవడం, చేయవలసింది చేయడం అంతా చేసినవాడి వంతు. నష్టపోయినవాళ్ళు ఇన్నాళ్ళలో మరిచిపోవాలని నేను విన్న ఏ ధర్మశాస్త్రమూ ముహూర్తం పెట్టలేదు.

ఆడవాళ్ళకు మాత్రం ఆ ముహూర్తం పెట్టేవాళ్ళు చుట్టూ ఉంటారు. భూదేవంత ఓర్పు ఉండాలంటారు. ఓర్పుకు మనవాళ్ళు తరచూ ధర్మరాజును సాక్ష్యం తెస్తారు గాని, అరణ్యపర్వంలో ఆయన ఎదురుగా ద్రౌపది కూర్చుని ఉందన్న సంగతి వదిలేస్తారు. ఆమె ఆయన్ని నిలదీస్తుంది. ప్రహ్లాదుడు మనవడు బలికి చెప్పిన మాట గుర్తుచేస్తుంది: ఎప్పుడూ కోపమూ మంచిది కాదు, ఎప్పుడూ ఓర్పూ మంచిది కాదు, అన్నిటికీ ఓర్చుకునేవాణ్ణి సొంత నౌకర్లే లెక్కచేయరు. మొదటి తప్పు మన్నించవచ్చు, రెండోసారి చేస్తే అది చిన్నదైనా వదలకూడదు. ఆ తర్వాతే ధర్మరాజు క్షమను వేనోళ్ళ పొగుడుతాడు. ఈ ఘట్టంలో మా నాన్న ధర్మరాజు పక్షం. నేను ఆమె పక్షం. సభలో జుట్టు పట్టి ఈడ్చింది ఆమెను. ఓర్పు మీద ఉపన్యాసం ఇస్తున్నది, ఆమెను జూదంలో ఒడ్డినాయన.

విరాటపర్వం ఇంకా నిష్ఠురంగా ఉంటుంది. కీచకుడు నిండు కొలువులో తంతే, ద్రౌపది న్యాయం అడిగితే, రాజు నోరు మెదపడు. కంకుభట్టు వేషంలో ఉన్న ధర్మరాజు ఆమెను లోపలికి, సుదేష్ణ దగ్గరికి పొమ్మంటాడు. కారణం మనకు తెలుసు. అజ్ఞాతవాసానికి ఏడాది గడువు, బయటపడితే రాజ్యం పోతుంది. గడువు రాజ్యానికి ఉంది, ఆగవలసింది ఆమె. తీరా భీముడు కీచకుణ్ణీ, వాడి తమ్ముళ్ళనూ చంపాక ఊరు భయపడుతుంది. అప్పుడు ఎవర్ని వెళ్ళిపొమ్మన్నారు? ఆమెనే. ఇంకో పదమూడు రోజులు ఉండనివ్వమని ఆమె అడుక్కోవాల్సి వచ్చింది.

దెబ్బలు తిన్నదే ఊరు వదలాలన్న పద్ధతి అంత పాతది. 2005 నాటి ఈ చట్టంలో నాకు అన్నిటికంటే నచ్చింది, దాన్ని తిరగేయడం. కాపురం సాగిన ఇంట్లో ఉండే హక్కు ఆమెకు ఇచ్చారు, అవసరమైతే బయటికి వెళ్ళవలసింది అతను. ఇల్లు అత్తమామల పేరున ఉన్నా సరే, కాపురం అక్కడ సాగితే అది ఆమె ఉండదగిన ఇల్లే కావచ్చని 2020లో సుప్రీంకోర్టు చెప్పి, 2006 నాటి తన తీర్పునే పక్కన పెట్టింది.

సరే, క్షమ సంగతి. నాకు ఇందులో పాఠం చెప్పింది పురాణం కాదు, ఒక గృహహింస కేసు. ఉత్తర్వు వచ్చి ఏళ్ళయ్యాక ఒకావిడ దాన్ని రద్దు చేయమని అర్జీతో వచ్చింది. కూతురి పెళ్ళి కుదిరింది. అర్జీ చక్కగా టైపు చేసి ఉంది, ఆమె సంతకం మాత్రం వంకరగా, గీత దాటి కిందికి జారి ఉంది. వెనక బావగారు, పెదనాన్న వరసాయన, ఇంకో ఇద్దరు పెద్దమనుషులు. వాళ్ళే మాట్లాడుతున్నారు. మేజిస్ట్రేటు అర్జీ చూసి, ఫైలు మూసి, ఆమెను ఒక్కదాన్నే చాంబర్లోకి పిలిచారు. ఇలాంటి కేసులు తలుపులు మూసి వినడానికి చట్టం ఒప్పుకుంటుంది. లోపల ఆయనా, ఆమే, ఫైలుతో నేనూ.

“మీ ఇష్టంతోనే అడుగుతున్నారామ్మా?”

ఆవిడ చాలాసేపు చీర కొంగు అంచు మడతపెడుతూ, విప్పుతూ నిలబడింది. తర్వాత అన్నది ఇదీ: “పీటల మీద ఆయన కూర్చోకపోతే పిల్లకు చిన్నతనం అండి. ఆ ఒక్క పూట పక్కన కూర్చుంటాను. కన్యాదానం అయ్యాక మళ్ళీ మా వీధిలోకి రాకూడదండి.”

రద్దు అర్జీ సవరణ అర్జీ అయింది. పెళ్ళి రోజున, కల్యాణ మండపం వరకు, ఆయన రావచ్చు. మిగతా ఉత్తర్వు యథాతథం. బయట పెద్దమనుషులు మొహాలు మాడ్చుకున్నారు. నేను మాత్రం ఆ నకలు కొట్టిస్తూ, ఇంత పొందికగా క్షమించినవాళ్ళను చూశానా అనుకున్నాను. ఇవ్వగలిగింది ఇచ్చింది, ఇవ్వలేనిది అట్టే పెట్టుకుంది. వకీలుగారు అడ్డుగోడ అన్నది ఇక్కడ అడ్డు కాలేదు. ఆ ఉత్తర్వు ఉండబట్టే ఆమె పీటల మీద ఆయన పక్కన కూర్చోగలిగింది.

చర్చికి వెళ్ళే ఒకామె ఇంకా తేలిగ్గా తేల్చేసింది. ఎన్నిసార్లు క్షమించాలని పేతురు అడిగితే, యేసు ఏడు సార్లతో సరిపెట్టుకోకుండా దాన్ని డెబ్భైతో గుణించాడు. వాళ్ళ పాస్టరుగారు ఆ వాక్యమే చెప్పి పంపారట. “క్షమించేశానండీ. తాళం చెవి తిరిగి ఇమ్మని ఆ వాక్యంలో లేదుగా?” అంది నాతో. వేదాంతం చదివినవాళ్ళకు కూడా ఆ తేడా చప్పున స్ఫురించదు.

అన్ని దేశాలూ మనలాగా గడువు వదిలేయలేదు. కాలిఫోర్నియాలో విచారణ ముగిశాక ఇచ్చే ఉత్తర్వు గరిష్ఠంగా 5 ఏళ్ళు. ఆ తర్వాత పొడిగింపు అడగాలి, శాశ్వతంగానూ అడగొచ్చు. మళ్ళీ దెబ్బలు తిన్నానని చూపించనక్కర్లేదు, భయానికి తగిన కారణం మిగిలి ఉంటే చాలు. మన తెలుగువాళ్ళు ఇంత మంది ఉంటున్న న్యూజెర్సీలో తుది ఉత్తర్వుకు ముగింపు తేదీయే ఉండదు. ఎత్తేయమని వచ్చినవాణ్ణి అక్కడి కోర్టు చాలా అడుగుతుంది: ఆమె ఒప్పుకుందా, ఇంకా భయపడుతోందా, ఉత్తర్వును ఎన్నిసార్లు మీరావు, తాగుడు మానావా, కౌన్సెలింగుకు వెళ్ళావా. నాకు న్యూజెర్సీ పద్ధతే నచ్చింది. భయపడినమ్మనే అయిదేళ్ళకోసారి మళ్ళీ వరసలో నిలబెట్టి, నీ భయం ఇంకా బతికే ఉందా అని అడగడం నాకు మనసొప్పదు.

విభీషణుడు శరణు కోరి వచ్చినప్పుడు సుగ్రీవుడు అనుమానించాడు, రాముడు మాత్రం ఒక్కసారి అడిగినా అభయమిస్తానన్నాడు. ఎన్నాళ్ళకని రాముడు చెప్పలేదు, విభీషణుడూ అడగలేదు. మన సెక్షను మాటల్లో ఆ ఉదారత ఉంది. లేనిదల్లా, మాట ఇచ్చినవాడే మాట నిలబెట్టుకునే ఏర్పాటు. ఉత్తర్వు ఇచ్చిన మేజిస్ట్రేటుకు బదిలీ అవుతుంది, నకలు అందుకున్న ఎస్సైకి బదిలీ అవుతుంది. స్టేషనులో ఆ కాగితం ఏ బీరువాలోకి పోయిందో కొత్తగా వచ్చినాయనకు తెలియదు. అర్ధరాత్రి తలుపు బాదుతుంటే ఫోను చేస్తే, “ఏ ఉత్తర్వమ్మా? ఎప్పటిది?” అని మొదటినుంచీ చెప్పించుకుంటారు. చట్టం మొదటి వాయిదా మామూలుగా 3 రోజుల్లో పడాలనీ, ఆపైన 60 రోజుల్లో కేసు తేల్చడానికి ప్రయత్నించాలనీ అంటుంది. మా హాల్లో 60 రోజులకు నోటీసులు తిరిగొచ్చిన కేసులు బోలెడు. కాగితం మీద అభయం ఆమె బతికున్నన్నాళ్ళూ ఉంటుంది, దాన్ని గుర్తుంచుకునే మనిషి మాత్రం స్టేషనులో రెండేళ్ళు ఉంటే గొప్ప.

కాబట్టి ఊళ్ళో పంచాయితీలకు కూర్చునే పెద్దలకు నాదొక విన్నపం. ‘ఇన్నేళ్ళయింది, ఇక తీసేసుకోమ్మా’ అని ఆమె ఇంటి అరుగు మీదికి వెళ్ళేముందు అతని ఇంటికి వెళ్ళండి. ఇన్నేళ్ళలో ఏం మారిందో అతణ్ణి అడగండి. చెప్పడానికి ఏమీ లేకపోతే ఆమె దగ్గరికి వెళ్ళనక్కర్లేదు. కాగితం ఉన్న అమ్మలకు ఇంకో మాట: కొత్త ఎస్సై వచ్చాడని తెలిస్తే నకలు ఒకటి పట్టుకెళ్ళి చూపించి రండి. రద్దు అర్జీ మీద సంతకం పెట్టమని ఎవరైనా తొందరపెడుతుంటే, ముందు కోర్టు ఆవరణలోనే ఉండే మండల న్యాయసేవా కమిటీకి వెళ్ళి లాయరును అడగండి. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్ళకు ఆ సాయం ఉచితం, ఆదాయం ఎంతని అడగరు.