శరణాలయమున దాతయు శిశువును

ఆకలిగొన్న శిశువునకు అన్నము పెట్టుట పుణ్యమనుటలో వివాదము లేదు. మేమిచ్చట విచారింపదలచిన ప్రశ్న అంతకంటె చిన్నది. చిన్నదగుటచేతనే తరచుగా విడిచిపెట్టబడుచున్నది. చందాలమీద నడచు శరణాలయమున పెరుగు బిడ్డ తాను తినుచున్న యన్నము తనదే యని యెంచుకొనగలుగునా? ఎంచుకొనలేనిచో ఆ లోపమెవ్వరిది?

కొన్నియేండ్ల క్రిందట మేమొక శరణాలయపు కార్యనిర్వాహక సంఘమున సభ్యులముగా నుంటిమి. ఆ పిల్లలలో పలువురు మా బడిలోనే చదువుచుండిరి. ఒక ఆదివారమునాడు మేమచ్చటికి పోవునప్పటికి పిల్లలు బంతులు తీరి కూర్చుండిరి. విస్తళ్లలో పులిహోరయు బూరెలును వడ్డింపబడియుండెను. ఒక గృహస్థు తన కుమారుని పుట్టినదినమని సకుటుంబముగా విచ్చేసి ఛాయాచిత్రములు తీయించుచుండెను. పిల్లలు ప్రార్థన పాడి, ఆ చిరంజీవికి శుభములు పలికి, చప్పట్లు చరచినగాని విస్తరి ముట్టరాదు. అంతయు ముగిసిన పిమ్మట రెండవ తరగతి చదువు బాలుడొకడు మా చెంతకు వచ్చి, "మాస్టారండీ, రాత్రికి ఎవరన్నమండీ?" యని యడిగెను.

వాని కంఠమున దుఃఖము లేదు. మన పిల్లలు "రాత్రికేం కూర?" యని యడిగినట్లే యడిగెను. మేము మాత్రము బదులు చెప్పలేకపోతిమి. దాతలు పంక్తియొద్దకు వచ్చి బిడ్డలను చూడవచ్చునను తీర్మానము క్రింద మా చేవ్రాలును ఉండెను.

కార్యదర్శిగారి వాదమును త్రోసివేయుట సులభము కాదు. "కండ్లార చూడనిదే దాతకు చేయి రాదు, చూపనిచో పిల్లలు పస్తుందురు" అని వారందురు. ఇది క్రొత్త వాదమును కాదు. 1870లో లండను నగరమున బాలుర గృహమును తెరచిన తామస్ బర్నార్డో, ఆశ్రయమునకు ముందొకటియు తరువాత నొకటియుగా పిల్లల చిత్రములను తీయించి, వానిని విక్రయించి ద్రవ్యము కూర్చెను. 1877లో మధ్యవర్తుల యెదుట విచారణ జరిగినపుడు ఆయనపై మోపబడిన నిందలలో పెక్కులు నిలువలేదు. కాని బిడ్డలను ఉన్నదానికంటె దీనులుగా చూపిన చిత్రములు మాత్రము తప్పని తేలెను. ఆయన వేలకొలది బిడ్డలను కాపాడినమాటయు నిజమే. ఈ దోషము దుష్టులయొద్దనేకాక సత్కార్యము చేయువారియొద్దను పుట్టునని దీనివలన తెలియుచున్నది.

అదే శతాబ్దమున బ్రిస్టలులో జార్జి ముల్లరు 1836 మొదలుకొని శరణాలయములను నడపెను. ఒక దశలో వానియందు రెండువేలకు పైగా పిల్లలుండిరి. మనుష్యుల నెవ్వరిని యాచింపనని ఆయన నియమము. అయినను వచ్చిన పైకమునకు ఏటేట లెక్క వ్రాసి ప్రచురించెను. ఆయన నియమము అందరికి సాధ్యము కాకపోవచ్చును. కాని యొక్క భేదమును మనము నేర్చుకొనవచ్చును: లెక్క చూపుట వేరు, బిడ్డను చూపుట వేరు. మొదటిది దాతకు హక్కు. రెండవది ఎవ్వరి హక్కును కాదు.

తైత్తిరీయోపనిషత్తునందు విద్య ముగించి వెడలు శిష్యునకు ఆచార్యుడు దానవిధిని ఉపదేశించుచు, శ్రద్ధతో నిమ్మనియు, సిగ్గుతో నిమ్మనియు, భయముతో నిమ్మనియు చెప్పును. సిగ్గుపడవలసినవాడు ఇచ్చువాడని గమనింపుడు. నా కింత యుండగా వీనికి లేకపోయెనే యను సిగ్గది. మనము ఆ సిగ్గును మెల్లగా ఇచ్చువాని చేతినుండి తీసి పుచ్చుకొనువాని విస్తరిలో వడ్డించితిమి. ప్రత్యుపకారము చేయజాలనివానికి ఇచ్చుటయే సాత్త్వికదానమని గీత చెప్పుచుండగా, ఏడేండ్ల బిడ్డచేత చప్పట్ల రూపమున ప్రత్యుపకారమును రాబట్టుకొనుచున్నాము.

ఇందువలన మానహానియేకాక ద్రవ్యనష్టమును కలదు. బూరెలకు పైకము వచ్చును. ఆయా జీతమునకు రాదు. పండుగకు క్రొత్తబట్టలు మూడు జతలు వచ్చును. మరుగుదొడ్డి మరమ్మతునకు కానియు రాదు. రాత్రి జ్వరము తగిలిన బిడ్డకు కావలసినది నిన్నటి ముఖమే నేడును. జీతము చాలక ఆయా మానివేసిన ప్రతిసారియు ఆ బిడ్డ మరల అనాథ యగుచున్నాడు.

శాసనమును ఈ విషయమున మనకంటె ముందున్నది. 2015 నాటి బాలన్యాయ చట్టము ఇట్టి గృహములన్నియు నమోదు కావలెననియు, రక్షణ కోరు బిడ్డ పేరును చిత్రమును పత్రికాదులలో బయలుపెట్టరాదనియు విధించినది. శరణాలయవాసము కడపటి యుపాయముగా మాత్రమే ఉండవలెనని దాని సూత్రములలో నొకటి. ఈ గృహములలోని పిల్లలందరును తల్లిదండ్రులు లేనివారు కారు. పేదరికముచేత తల్లి విడిచిపోయినవారును కలరు. అట్టి తల్లికి నెలనెల సాయమంది బిడ్డ యింటికి మరలినచో శరణాలయమున నొక పడక ఖాళీయగును. ఆ ఖాళీపడకను చూచి సంతోషింపగల దాతలు మనకు కావలెను.

కృతజ్ఞత సద్గుణము కాదా, దానిని నేర్పవలదా యని కొందరడుగుదురు. నేర్పవలసినదే. కాని మన యిండ్లలో ముద్దముద్దకు తండ్రికి వందనము చేయుమని బిడ్డకు చెప్పుచున్నామా? కృతజ్ఞత పెరిగిన పిమ్మట తానై పండును. పచ్చికాయను నలిపినచో మెత్తబడును గాని పండదు.

మన పల్లెలలో పూర్వము సత్కార్యములకై గృహిణులు వంటకు బియ్యము తీయునపుడు పిడికెడు వేరొక కుండలో వేయు ఆచారముండెను. పది యిండ్ల బియ్యము కలసిన పిమ్మట ఏ పిడికెడు ఎవ్వరిదో చెప్పనెవ్వరితరమును కాదు. ఎవ్వరిదియు కాని యన్నము తినువానిదే యగును. పేరు వ్రాయని నెలచందా ఆ కుండవంటిది.

మేము తరువాతి సమావేశమున మా పాత తీర్మానమును మార్చుటకు ప్రతిపాదించితిమి: దానము కార్యాలయము దాటరాదు, దాత పంక్తికి రారాదు. చాలసేపు వాదము జరిగి అది నెగ్గెను. ఇద్దరు దాతలు మానుకొనిరి. కొందరు నెలచందాలు వ్రాసిరి. లోటు పూర్తిగా తీరలేదు. బూరెలు తగ్గినవి. ఈ నష్టమును మేము దాచుటలేదు.

కొన్ని నెలలు గడచిన పిదప ఒకనాటి సాయంకాలము ఆ బాలుడే వంటయింటి గుమ్మమున నిలిచి, "మళ్లీ వంకాయేనా?" యని వంటామెతో గొడవపడుచుండెను. ఆమె వానిని కసరి పంపివేసెను. మేము వాకిట నిలిచి వినుచుంటిమి. అట్లు విసుగుకొనుటకు బిడ్డకు చనువుండవలెను. తన యింటిలో తప్ప ఆ చనువు కలుగదు.