వడ్డీ లేని ట్రక్కు

అమెరికాలో సొంత ట్రక్కు పెట్టుకునేవాడికి ప్రభుత్వ ఫీజులు పెద్ద బరువు కాదు. రాష్ట్రాలు దాటి సరుకు మోసే అనుమతికి 300 డాలర్లు, భారీ వాహనాల పన్ను ఏడాదికి గరిష్ఠంగా 550. నడ్డి విరిచేవి బండి ధర, కనీసం 7,50,000 డాలర్ల నష్టపరిహారానికి చేయించాల్సిన బీమా. అందుకే అప్పు.

మినియాపొలిస్‌లో స్థిరపడ్డ సోమాలీ ముస్లిం డ్రైవరుకు ఇక్కడే ధర్మసంకటం. ఖురాన్ రెండో అధ్యాయం వ్యాపారాన్ని ఒప్పుకుంది, వడ్డీని నిషేధించింది.

దారి ‘మురాబహా’. ఫైనాన్సు సంస్థ ట్రక్కును తానే కొని, తన లాభమెంతో చెప్పి, వాయిదాల మీద అమ్ముతుంది. కుదిరిన ధర పెరగదు. ఆలస్య రుసుము తీసుకున్నా అది దానధర్మాలకు పోవాలి. నెలనెలా కట్టేది బ్యాంకు కిస్తీ అంతే అయితే తేడా ఏమిటి? (అడగాల్సిన ప్రశ్నే!) ధర్మశాస్త్రజ్ఞుల జవాబు: బండి అప్పగించేలోపు తగలబడితే నష్టం అమ్మేవాడిది. అప్పిచ్చినవాడికి ఆ బెంగ లేదు.

కొన్ని ఒప్పందాల్లో బండిపై సంస్థ యాజమాన్యం కాగితం మీద కాసేపే ఉంటుంది. అలాంటిది పేరు మార్చుకున్న వడ్డీయే. సంతకం పెట్టేముందు డ్రైవరు లాభం శాతాన్ని కాదు, నష్టం ఎవరిదో రాసిన పేరాను చదవాలి.