ఉబ్బసమును దాచుట ధర్మమా?

సత్యమాడవలెనని పిల్లలకు మనము నిత్యమును బోధింతుము. ఆ సత్యము మన యింటి లాభమునకు అడ్డువచ్చిన దినమున మనమేమి చేయుదుమన్నదే అసలైన పరీక్ష. హైదరాబాదు తూర్పు భాగమున, ఉప్పల్, నాచారం పారిశ్రామిక వాడల పరిసరములందలి యిండ్లలో ఇట్టి పరీక్ష యొకటి కలుగుచున్నది. అగ్నిపథమను సైనిక నియామక పద్ధతి 2022 జూన్ 14వ తేదీన ప్రకటింపబడినది. దాని ప్రకారము కొలువు నాలుగేండ్లు. పిమ్మట నూటికి 25 మందికి మించకుండ సైన్యమున నిలుపుకొందురు. అయినను కర్మాగారమున కూలిపని చేయు తండ్రికి అది చిన్న భాగ్యము కాదు. కుఱ్ఱవాడు వేకువనే లేచి పరుగు నభ్యసించును, 1.6 కిలోమీటర్ల పందెమున నెగ్గును. తుదకు వైద్యుడు ‘నీకెన్నడైన ఉబ్బసము వచ్చినదా?’ యని యడుగును. పదేండ్ల ప్రాయము వఱకు వచ్చిన మాట నిజము, ఇప్పుడు లేదు. అతడేమని చెప్పవలెను?

‘లేదని చెప్పుము, నాచారం ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి పాత చీటీలుండినచో చింపివేయుము’ అని సలహా చెప్పువారు కొఱవడరు. వారి వాదమును మనము తేలికగా త్రోసివేయరాదు. వ్యాధి పోయినది గనుక లేదనుట అబద్ధము కాదని వారందురు. నియమము కఠినమైనప్పుడు పేదవాడు దానిని తప్పించుకొనుట దోషము కాదనియు అందురు.

మొదటి మాటకు వైద్యశాస్త్రమే ఉత్తరము చెప్పుచున్నది. ఉబ్బసమున ఊపిరితిత్తులలోని గాలిగొట్టములు వాచును. వానిచుట్టు నుండు కండరములు బిగిసికొనును. వచ్చుచు పోవుచు నుండుట దాని స్వభావము. రోగము రానివేళ ఊపిరిని కొలిచినచో లోపము కానరాకపోవచ్చును. బాల్యమున వచ్చి యౌవనమున అణగినది కొందరికి నడివయస్సున మరల తలయెత్తును. పీల్చెడు మందులు దానిని అదుపున నుంచునే గాని పెకలింపజాలవు. మృగశిర కార్తెనాడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానమున బత్తిని వంశీయులిచ్చు చేపమందును మ్రింగించి, ‘ఇక పోయినది’ అని నిశ్చయించుకొను కుటుంబములు గలవు. ఆ మందు ఉబ్బసమును కుదుర్చునని శాస్త్రీయముగా నిరూపింపబడలేదు. అదియునుగాక, వైద్యుడడిగినది ‘ఇప్పుడున్నదా?’ యని కాదు, ‘ఎన్నడైన వచ్చినదా?’ యని. దానికి ‘లేదు’ అనుట అసత్యమే.

రెండవ మాట బలమైనది. కర్ణుడు తాను బ్రాహ్మణుడనని పలికి పరశురామునివలన అస్త్రవిద్య గడించెను. అవసరమైన గడియలో ఆ విద్య మఱపునకు వచ్చునట్లు శపింపబడెను. ఈ కథ చదువునప్పుడు మన మనస్సు కర్ణుని వంకకే మొగ్గును. ఏలయన విలువిద్యకును పుట్టుకకును సంబంధము లేదు. అడుగరానిది అడిగినవానియందును దోషము గలదు. మన యువకుడును ఈ న్యాయమునే చెప్పుకొనగలడా? చెప్పుకొనజాలడని మా యభిప్రాయము. ఊపిరి కులము వంటిది కాదు. సైనికుని పనికి అది మూలాధారము. సియాచిన్ ప్రాంతమున 5,000 మీటర్లకు పైబడిన యెత్తున స్థావరములు గలవు. 5,500 మీటర్ల యెత్తున గాలి ఒత్తిడి సముద్రమట్టమున నుండుదానిలో సగమునకు తగ్గును. చల్లని పొడిగాలి, కఠినశ్రమ, ధూళి, పొగ: ఉబ్బసమును రేపునవియు నివియే, సైనికుడు తప్పించుకొనలేనివియు నివియే. అచ్చట ఒకడు ఊపిరాడక పడిపోయినచో వానిని మోసికొనిపోవలసినవారు తోడివారు. కర్ణుని అసత్యమునకు దండన కర్ణుని తలపై పడినది. ఈ యసత్యమునకు వెల, తమకు తెలియకుండనే, ఇతరులు చెల్లింతురు. సైన్యమున చేరునప్పుడు నమోదు పత్రములోని ప్రశ్నకు బుద్ధిపూర్వకముగా అసత్యోత్తరమిచ్చినవానికి 1950 నాటి సైనిక చట్టము 44వ విభాగము ఐదేండ్లవఱకు ఖైదు విధింపవచ్చునని చెప్పుచున్నది. ఆ చట్టమే లేకున్నను ధర్మము మారదు.

అట్లని నియమము చేయువారికి ధర్మము లేదని కాదు. పలుమార్లు ఉబ్బసము వచ్చిన చరిత్ర తిరస్కారమునకు కారణమని మన వాయుసేన వైద్య నియమములలో నున్నది. అమెరికా సేనల నియమములు పదుమూడవ జన్మదినము తరువాతి ఉబ్బసమునే అనర్హతగా నెంచును. అప్పుడును ప్రత్యేకానుమతి కోరు మార్గముంచినవి. బాల్యమున ఉబ్బసముతో బాధపడిన థియోడోర్ రూజ్‌వెల్ట్ 1898లో క్యూబా యుద్ధమున దళమును నడిపెను. కావున ఎన్నేండ్ల క్రిందట వచ్చినది, ఎన్నిమారులు వచ్చినది, శ్రమ తరువాత ఊపిరి ఎట్లున్నది యని విచారించి తీర్పు చెప్పుట న్యాయము. నిజము పలికినవారినందఱిని ఒక్క త్రోవనే వెడలగొట్టు నియమము అసత్యమునకు తానే బహుమాన మిచ్చుచున్నది. కాని యట్టి నియమము మారుట యెట్లు? దాచినవాని యారోగ్యము ఎవరి లెక్కకును రాదు. చీటీలు చేతబట్టి, ‘వచ్చినది, ఇన్నేండ్లుగా లేదు, కొలిచి చూడుడు’ అని నిలిచిన యువకులవలననే అధికారులకు సంగతి తెలియును. దాచుటవలన ఒకనికి కొలువు దొరకవచ్చును. చెప్పుటవలన వెనుక వచ్చువారికి త్రోవ యేర్పడును.

ఇందు ముఖ్యభారము తల్లిదండ్రులదని మేమనుచున్నాము. అబద్ధము కుమారుని నోట వచ్చినను, నేర్పినది ఇల్లే. పదునెనిమిదవ యేట సైనిక వైద్యుని యెదుట బయటపడవలసిన సంగతి పదునైదవ యేటనే ఇంట తెలియవచ్చును. ఊపిరితిత్తుల వైద్యునికి చూపించి, ఉన్నదున్నట్లు బిడ్డకు చెప్పినచో, ఆ బాలుడు తన యాశను తెలిసి పెంచుకొనును, లేదా తెలిసి మఱలించుకొనును. తీరా తిరస్కరింపబడినచో వానిని కొఱగానివానిగ చూడరాదు. సైన్యము వలదన్నది వాని ఊపిరిని మాత్రమే. వేకువజాముల పరుగులో అలవడిన పట్టుదలను కాదు, అడిగినప్పుడు నిజము చెప్పిన ధైర్యమును అంతకన్న కాదు. ఆ పాత చీటీలను చింపకుడు. బిడ్డ చేతికిచ్చి పంపుడు.