కానుక ఎవరిది?



ఇచ్చినవారు గతించిరి. ఎవరి కొరకు ఇచ్చిరో ఆ పిల్లల సంతతి ఊరు విడిచి పోయెను. అట్టి ధనము ఇప్పుడు ఎవరిది? ఈ ప్రశ్న నాకు గ్రంథములు చదువుచుండగా కలిగినది కాదు, ఒక కథోలిక దేవాలయపు లెక్కల పుస్తకము ముందు కూర్చున్నప్పుడు కలిగినది.

నాతో ఒకే పాఠశాలలో ఇరువది సంవత్సరములు పనిచేసిన మిత్రుడొకడు కలడు. తెలుగువాడు, కథోలికుడు. మన పూర్వులవలెనే వాని పూర్వులును మదరాసు రేవున ఓడనెక్కి నేటాలునకు వచ్చినవారు. 1860 నవంబరు 16వ తేదీన డర్బను చేరిన మొదటి ఓడయగు ట్రూరోలోనే హిందువులతో పాటు క్రైస్తవులు కూడ ఉండిరి. ఆ ఓడలు 1911లో ఆగిపోవునప్పటికి 1,52,184 మంది ఈ గడ్డపై దిగిరి. గుడి కట్టుకొన్నవారును చర్చి కట్టుకొన్నవారును ఒకే చెరకు తోట కూలి డబ్బులతో కట్టుకొనిరి.

ఒకనాడు ఆ మిత్రుడు, "నీవు లెక్కల మాస్టరువు గదా అన్నా, మా విచారణ లెక్కలు ఒకమారు చూచిపొమ్ము" అని అడిగెను. కథోలికులగు తెలుగువారు తమ పారిష్‌ను విచారణ అందురు. ఆ మాట వినగానే మనబోటివారికి న్యాయస్థానము జ్ఞాపకము వచ్చును. ఆ సాయంకాలము జరిగినదానికి రెండర్థములును సరిపోయినవి.

ఆ విచారణ చెరకు తోటల ప్రక్కనున్న చిన్న ఊరిలోనిది. దాని ఆదాయము ఆదివారపు కానుకలు, హాలు అద్దె, అంతే. పైకప్పు రేకులు తుప్పుపట్టి వాన కారుచున్నది. పెద్దలు ఒక్కొక్కరుగా సమాధుల తోటకు చేరుచున్నారు. పడుచువారు జొహన్నెస్‌బర్గు, కేప్‌టౌను, సముద్రము దాటి మరి ఎచ్చటికో వెళ్లిపోయిరి. రాబోవు అయిదు సంవత్సరములకు ఆదాయవ్యయముల అంచనా వ్రాయవలెనని వారి ఆర్థిక సమితి కూర్చుండెను. ప్రతి విచారణకును అట్టి సమితి ఉండవలెనని వారి శ్రీసభ 1983లో ప్రకటించిన ధర్మశాస్త్రము శాసించుచున్నది. భక్తులు ఇచ్చిన దానికి భక్తులకే లెక్క చెప్పవలెనని కూడ అందు కలదు. (మన సంఘములలో వార్షికపు లెక్కలు చదువునప్పుడు సగము మంది టీ కొరకు లేచిపోవుదురు. అది వేరు మాట.)

పుస్తకములో ఒక చోట నా వ్రేలు ఆగెను. 1957లో మరణించిన ఒక వృద్ధురాలు, తలపై కూరగాయల గంప పెట్టుకొని ఇంటింట తిరిగి అమ్మి జీవించినది, 50 పౌండ్లు విచారణకు వ్రాసియిచ్చెను. "విచారణలోని పిల్లల జ్ఞానోపదేశము కొరకు" అని పత్రములో ఉన్నది. 1961లో రాండు వచ్చినప్పుడు పౌండుకు రెండు చొప్పున అది 100 రాండ్లాయెను. వడ్డీతో నేటికి ఎనిమిది వేల చిల్లర. ఇన్ని సంవత్సరములలో ఒక్క సెంటయినను ఎవరును తాకలేదు.

కోశాధికారి, "దానిని పైకప్పునకు వాడుదము. కప్పు లేనిచో పిల్లలు ఎచ్చట కూర్చుందురు?" అనెను. మాట వినుటకు బాగుగనే యున్నది. కాని అత్త సొమ్ము అల్లుడు దానము చేసినట్లు, ఒకరు ఒక పనికి ఇచ్చినది మరొక పనికి త్రిప్పుటకు మనమెవరము? ఒక పనికని ఇచ్చిన కానుకను ఆ పనికే వినియోగింపవలెనని వారి ధర్మశాస్త్రమే స్పష్టముగా చెప్పుచున్నది. చనిపోయినదానికి తెలియదు గదా అని కొందరందురు. తెలియకపోవచ్చును. ఆమె మనలను అడుగలేదు గనుకనే మనము మరింత జాగ్రత్తగా ఉండవలసియున్నది.

అప్పుడు ఆ వృద్ధురాలి మనుమరాలు, ఆమెయు సమితి సభ్యురాలే, మెల్లగా అనెను: "మా అవ్వ మా పిల్లల కొరకు ఇచ్చినది. మావాళ్లు తిరిగి వచ్చువరకు అది బ్యాంకులోనే ఉండనిండు." గదిలో ఎవరును మాటలాడలేదు. ఎందుకనగా ఇప్పుడు ఆదివారము జ్ఞానోపదేశమునకు వచ్చు పిల్లలలో ఎక్కువమంది జూలూ భాష మాటలాడు కుటుంబములవారు. 1950లో వచ్చిన గ్రూప్ ఏరియాస్ చట్టము జాతికొక పేట అని మనుష్యులను విడదీసెను. 1991లో అది రద్దయిన పిమ్మట ఇండ్లు అమ్మిపోయిన మనవారి స్థానమున వీరు వచ్చిరి.

ఆ మనుమరాలిది లోభము కాదు. ఆ చట్టము క్రింద ఇల్లు పోగొట్టుకొన్న కుటుంబములో పెరిగిన మనిషికి, అవ్వ పేరున మిగిలినది ఆ ఒక్క వరుసయే. నేనును ఆమె స్థానములో నుండిన అట్లే అందునేమో. అయినను లెక్కల మాస్టరుగా ఒక్క మాట చెప్పక తప్పినది కాదు. బ్యాంకులో ఉంచుట భద్రపరచుట కాదు. ఏటికి నూటికి అయిదు చొప్పున ధరలు పెరిగిన, పదునాలుగు సంవత్సరములకు సొమ్ము విలువ సగమగును. ఆ 50 పౌండ్లు నాడు చెరకు తోట కూలివాని అనేక మాసముల సంపాదన. నేటి ఎనిమిది వేల రాండ్లు కనీస వేతనము పొందు కార్మికుని రెండు మాసముల కూలికి చాలవు. ఎవరును దొంగిలింపలేదు, అయినను చాలభాగము పోయినది. ఈ అరువదిపైచిలుకు సంవత్సరములలో ఎన్ని తరగతుల పిల్లలు ఒక పుస్తకమైనను ఆమె చేతినుండి పొందకయే పెద్దవారైరి! బైబిలులో యజమానుడిచ్చిన తలాంతును భూమిలో పాతిపెట్టి భద్రముగా తిరిగి ఇచ్చిన సేవకుని ఉపమానము కలదు. అతనికి మెప్పు దొరకలేదు. ఈ ఉపమానమును నా మిత్రుడే జ్ఞాపకము చేసెను.

ఇక పిల్లలెవరు? పత్రములో "మా పిల్లలు" అని లేదు, "విచారణలోని పిల్లలు" అని ఉన్నది. విచారణయనగా సాధారణముగా ఒక ఎల్లలోపల నివసించు కథోలికులందరును. వంశము కాదు, ఎల్ల. గంప మోసిన ఆ తల్లి ఆ మాటను తెలిసియే వ్రాయించినదో, ఎవరో గుమాస్తా వాడుక చొప్పున వ్రాసెనో చెప్పలేము. ఆమె మనస్సులో తన మనుమలే ఉండియుండవచ్చును. కాని దానము చేయి విడిచిన పిమ్మట దాత ఊహ దాటి పోవును. నేను తెలుగు అక్షరములు దిద్దిన దేవాలయపు తరగతిలో నల్లబల్ల కొనిపెట్టినవారెవరో నేనెరుగను. వారి మనుమడను కానని మాత్రము నాకు తెలియును. వారు తమ రక్తసంబంధమునే చూచుకొనియుండిన నేడు ఈ వ్యాసము వ్రాయువాడు వేరొకడు, లేదా ఎవడును లేడు.

ఇట్లనుట సులభము. మన దేవాలయపు తెలుగు తరగతి నిధిని గూర్చి ఇదే ప్రశ్న రేపు మనముందుకు వచ్చును. అక్షరములు నేర్వవచ్చు బాలిక మన ఇంటిది కాకున్నచో మన చేయి ముందునకు సాగునా అని నన్ను నేను అడిగికొంటిని. వెంటనే అవునని చెప్పలేకపోతిని.

ఆ రాత్రి సమితి ఓటు తీసెను. మనుమరాలు వ్యతిరేకముగా ఓటు వేసెను, అది పుస్తకములో అట్లే వ్రాయబడెను. నెల తిరుగకముందే జ్ఞానోపదేశపు పుస్తకములు వచ్చినవి, కొన్ని ఆంగ్లమున, ఎక్కువ జూలూ భాషలో. లోపలి అట్టమీద అవ్వ పేరు వ్రాయవలెనని నా మిత్రుడు తలచి, అక్షరములు సరిగా వ్రాయించుటకు ఆ మనుమరాలి ఇంటికి వెళ్లెను. ఆమె ఆ పుస్తకములన్నిటిని తన ఇంటనే ఉంచుకొని, ఒక్కొక్కదానిపై తానే తన చేతితో వ్రాసి, ఆదివారమునాడు పంపెను.

పైకప్పు ఒక మూల ఇంకను కారుచున్నది. దానికి వేరుగా చందా వసూలు చేయుచున్నారు.